భారం మీద బిగింపు

నెల్లూరులో ఈమధ్య మందుల షాపుల ముందు కొత్తరకం తూకం మిషన్లు పెడుతున్నారు. వాటిమీద నాకు ఒకటే ఫిర్యాదు. అవి మాట్లాడతాయి. పాత మిషన్లు మర్యాదస్థులు. చిన్న అట్టముక్క మీద మన బరువు అచ్చువేసి, వెనకవైపు మన భవిష్యత్తు గురించి రెండు మంచి మాటలు కలిపి, గుట్టుగా చేతిలో పెట్టేవి. ఈ కొత్తది అట్లా కాదు. రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదకు వస్తున్నదని చెప్పే గొంతుతో, నా బరువు డెబ్బై తొమ్మిది కిలోలని వీధి మొత్తానికి తెలియజేసింది. పక్కన ఇడ్లీబండి దగ్గర నిలబడి తింటున్న ఇద్దరు నా వంక చూసి ప్లేట్లు తమవైపు జరుపుకున్నారు.

నేను దిగుతూ, "మూడు బస్తాలు, పైన ఒక గుప్పెడు" అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను. ఇడ్లీల వాళ్ళు ఇంకొంచెం జరిగారు.

ఆ లెక్క నాది కాదు. మా నాన్నకు అన్న, మా పెదనాయనది. ఆయన పోయి అప్పటికి పదిరోజులు కూడా కాలేదు.

జువ్వలదిన్నె పోయే దారిలో ఆయనకు కొంచెం మాగాణి, అంతకంటే ఎక్కువ రొయ్యల చెరువులు ఉండేవి. రొయ్యల మేత ఇరవై ఐదు కిలోల బస్తాల్లో వస్తుంది. లోకంలో ఉన్న సమస్తాన్నీ ఆయన ఆ బస్తాల్లోనే కొలిచేవాడు. మనిషి ఎదురుపడగానే ఎడమకన్ను సగం మూసి, గడ్డం ఎత్తి, మడమల దగ్గర మొదలుపెట్టి మెడదాకా ఒక చూపు చూసేవాడు. అక్కడ ఆపేసేవాడు. మొహందాకా పోయేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగితే, "బండి మోసేది ఒళ్ళు గానీ మొహం కాదు గదరా" అన్నాడు. ఆ తర్వాత ఫలితం ప్రకటించేవాడు. రెండున్నర. మూడుంబావు. చెప్పింది చెప్పినట్టు సరిపోయేదని ఊళ్ళో పేరు. సరిచూసే ధైర్యం ఎవరికీ లేకపోవడం ఆ పేరుకు చాలా సాయపడింది.

వెంకటాచలంలో మా బంధువుల పెళ్ళి. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కుర్చీల్లో కూర్చుని ఉంటే, అందరం వరసలో పోయి అక్షింతలు వేస్తున్నాం. పెదనాయన వంతు వచ్చింది. అక్షింతలు వేశాడు. కన్ను సగం మూశాడు. "పిల్ల నాలుగు. పిల్లోడు రెండున్నర. మంచం కోళ్ళు చూసుకోండి" అని, చక్కగా దీవించినవాడిలాగే పక్కకు తప్పుకున్నాడు. ఫొటోగ్రాఫరు నవ్వాపుకోలేక ఆ ఫొటో చెడగొట్టాడు. ఆ అమ్మాయి మొహం చెడిపోలేదు, అట్లాగే బిగుసుకుపోయి ఆల్బంలో ఇప్పటికీ ఉంది. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఆయన మాట అట్లాంటిదేలే అన్నారు. మా వైపు ఎవరి నోరైనా భరించలేనిదని ఒప్పుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది గనక, ఆయన మాట అట్లాంటిదేలే అనడం ఆచారం.

ఇక కారు సంగతి.

ఆయనకు ఒక అంబాసిడర్ ఉండేది. పాత ఫొటోలు చెప్పేదాన్ని బట్టి తెల్లది. నిజానికి అది మా పెద్దమ్మ వాళ్ళ నాయనది. ఆ పెద్దాయనకు కొడుకులు లేరు. ఆయన పోయాక, గోడగడియారమూ రెండు ఇత్తడి గంగాళాలతోపాటు కారూ కూతురింటికి చేరింది. గడియారాన్నీ గంగాళాల్నీ పెదనాయన ఏమీ చేయలేదు. కారు వెనక భాగాన్ని మాత్రం ఊరుకోనివ్వలేదు.

బండి వెనక బరువంతా కమాను కట్టల మీద ఉంటుంది. వంచిన ఇనుప పట్టీలను ఒకదానికింద ఒకటి పేర్చి కట్టిన కట్టలవి. పట్టీలు పెంచితే కట్ట బరువు బాగా మోస్తుంది, మనిషిని బాగా ఎగరేస్తుంది. ఆటోల్లో మేత తోలిస్తే దారిలో దొంగిలిస్తారని పెదనాయన అనుమానం. అందుకని కారులోనే, డిక్కీ నిండా, వెనక సీటు నిండా బస్తాలు వేసుకుని చెరువు కట్ల మీద తిప్పేవాడు. అందుకోసం కారుకున్న కమాన్లు పీకించి, నెల్లూరు పాత ఇనుప సామాన్ల కొట్లలో వెతికి, ఏదో లగేజీ వ్యానుకు పుట్టిన కమాన్లు తెచ్చి వేయించాడు. షాకబ్జర్లు ఒక జీపు నుంచి వచ్చాయి. దాంతో కారు తోక లేచింది. ముందునుంచి చూస్తే ఎవరికో వంగి దండం పెడుతున్నట్టు ఉండేది. వెనకనుంచి చూసినవాళ్ళకు దండమనే ఆలోచన వచ్చేది కాదు.

ఈ కమాన్ల పనిలో ఒక నియమం ఉంది. కట్ట చివర్లలో రబ్బరు బుష్షులు ఉంటాయి. బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, కిందికి దించగానే ఆ రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. అందుకని బండిని నేలమీదకు దించి, దాని బరువు దానిమీద పడ్డాక ఆఖరి బిగింపు బిగించాలి. ఇది ఏ మెకానిక్కైనా చెప్పే మాటే. పెదనాయన దాన్ని మతంగా మార్చాడు.

"బండి బరువొక్కటే ఏం చాలుద్దిరా. అది నడిచేది ఖాళీగానా? ఎక్కేవాళ్ళు ఎక్కి కూర్చున్నాకనే బిగించాల. భారం మీద బిగించాల" అనేవాడు.

కాబట్టి ఆ ఇంట్లో బుష్షులు మార్చిన ప్రతిసారీ భారం కావాల్సి వచ్చేది. ఇంట్లో బస్తాలు ఉంటే బస్తాలు. లేకపోతే మనుషులు. ఆయన రోడ్డుమీదకు వచ్చి నిలబడి, పోయేవాళ్ళను కన్ను మూసి చూసి ఎంపిక చేసేవాడు. గొర్రెలు తోలుకుపోయే మనిషి, ఆదివారం ప్రార్థన ముగించుకుని వస్తున్న పాస్టరుగారు, హార్బరులో చేపలమ్మి గంప ఖాళీ చేసుకుని పోతున్న అక్క, ఎవరైనా సరే. వాళ్ళను పిలిచి వెనక సీట్లో కుదేసి, తలుపులు వేయించి, కదలవద్దనేవాడు. మాట్లాడవద్దని కూడా అనేవాడు. మాట్లాడితే బరువు మారుతుందట. పాస్టరుగారు ఆ ఎండలో తలుపులేసిన కారులో కూర్చుని పెదవులు కదిలిస్తుంటే, "అయ్యగారూ, ప్రార్థన దిగినాక చేసుకోండి" అన్నాడు.

ఒకసారి ఆ భారంలో మా అమ్మ కూడా ఉంది. చుట్టపుచూపుగా పోయిన మనిషిని కూర్చోబెట్టి, చుట్టూ చేరిన పదిమంది ముందు, "మూడున్నర బస్తాలమ్మా మా మరదలు. ఇంకెవురూ అక్కర్లా" అన్నాడు. మా అమ్మ దిగి, కొంగు దులుపుకుని, ఇంట్లోకి పోయి చెప్పులు వేసుకుంది. భోజనానికి ఉండమంటే, "తింటే మీ లెక్క మారుద్ది గదా బావగారూ" అన్నది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఆయన దాన్ని ఆమె ఒళ్ళు తగ్గే ప్రయత్నంగా అర్థం చేసుకుని మెచ్చుకున్నాడు.

ఈ పనులన్నీ చేసే మెకానిక్కు పేరు ప్రకాశం. బిట్రగుంట నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. ప్రకాశానికి రెంచీల కంటే బాగా వాడటం వచ్చిన పనిముట్టు ఒకటుంది. "అట్నే సార్." దానితో ఆయన దాదాపు ఏ మనిషినైనా సర్దగలిగేవాడు. అదనపు పట్టీ వేయమంటే అట్నే సార్, తీయమంటే అట్నే సార్. ఒకసారి పెదనాయన ఆయన్ను చూసి, "నువ్వు రెండు బస్తాలు గూడా ల్యా. నీ పెళ్ళాం కూడు పెడతా ఉందా, చూపిస్తా ఉందా" అంటే దానికి కూడా అట్నే సార్ అన్నాడు.

పెద్దమ్మ ఆరోగ్యంగా ఉన్నప్పుడు రెండుంబావు బస్తాలు. ఇది కూడా ఆయన లెక్కే. తర్వాత రెండయింది. తర్వాత ఆయనే, అన్నం తింటున్న మనిషి ఎదురుగా నిలబడి కన్ను మూసి, "ఒకటిముప్పావుకి వచ్చినావే. ఏందది" అన్నాడు. అట్లా ఆమెకు జబ్బున్న సంగతి మొదట కనిపెట్టింది ఆయనే. న్యాయంగా ఆ మాట ఒప్పుకోవాలి.

వెన్నుపూసలో క్షయ అన్నారు నెల్లూరులో. నడుముకు గట్టి బెల్టు వేశారు. మందులు మానకుండా మింగితే నయమవుతుందని, నెలకు రెండు తడవలైనా వచ్చి చూపించుకోవాలని, అన్నిటికంటే ముఖ్యం కుదుపు తగలకూడదని డాక్టరు చెప్పాడు. పెదనాయన ఇందులో నయమవుతుందనే మాట ఒక్కటీ నమ్మలేదు. చదువుకున్నవాడు నోటితో చెప్పింది ఒక ఎత్తు, తన కన్ను చూసింది ఒక ఎత్తు. తగ్గుతున్న బస్తా ఏ చెరువులోనూ తిరిగి నిండగా ఆయన చూడలేదు.

ఆ కారులో జువ్వలదిన్నె రోడ్డు మీదుగా హైవే ఎక్కేదాకా పెద్దమ్మ ప్రయాణం ఎట్లా ఉండేదో నాకు తెలుసు. శనాదివారాలు నేను పోయినప్పుడు డ్రైవింగ్ నాదే. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె వెనక ఒక్కతే కూర్చునేది. కింద దిండు, వీపు వెనక దిండు. తువ్వాలు కొస మడిచి పళ్ళ మధ్య పెట్టుకునేది. గతుకు వచ్చినప్పుడు అరవకుండా ఉండటానికి అదొక ఏర్పాటు. నేను ఎంత నెమ్మదిగా పోయినా ఆ వ్యాను కమాన్లకు ఆమె ఒక బరువే కాదు. స్పీడ్ బ్రేకరు ఎక్కగానే ఆమెను ఎగరేసి మళ్ళీ పట్టుకునేవి. ముందుసీట్లో పెదనాయన అద్దం తనవైపు తిప్పుకుని చూస్తూ, "లేచింది లేచింది" అని నవ్వేవాడు. "బస్తా గూడా ఇంత ఎత్తు లేవదే."

ఎదురింట్లో ఐస్ ఫ్యాక్టరీ నడిపే ఆయన తన కొత్త కారు ఇస్తానన్నాడు. "అన్నా, నా బండి మెత్తగా పోద్ది. అక్కను దాంట్లో తీసకపో" అన్నాడు. పెదనాయన చాలా మర్యాదగా వద్దన్నాడు. లోపలికి వచ్చాక మాకు కారణం చెప్పాడు. "నా పెళ్ళాం ఇంకొకరి బండెక్కితే, నా బండి పనికిరాదని ఊరంతా చెప్పుకుంటారు."

అంత పెద్ద ప్రమాదం ముందు వెన్నుపూస ఏపాటిది.

చివరికి మా నాన్న పోయి అన్నతో పోట్లాడాడు. డాక్టరు కూడా ఒకసారి గట్టిగా అన్నాడు. పెదనాయన ఒప్పుకున్నాడు. ఈ పాత కార్లకు అసలు కంపెనీవాళ్ళు సామాన్లు మానేసి చాలా కాలమైనా, పాతబండ్ల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఎవరెవరో విడిగా తయారుచేస్తూనే ఉన్నారు. మద్రాసు నుంచి వచ్చాయి. మెత్తటి కమాను కట్టలు, కొత్త షాకబ్జర్లు, రబ్బరు బుష్షులు. నులకమంచం మీద పాతచీర పరిచి వాటిని పేర్చారు. పెద్దమ్మ గోడపట్టుకుని మెల్లిగా వచ్చింది. ఒక షాకబ్జరు తీసుకుని, కవ్వం పట్టుకున్నట్టు పట్టుకుని, నేలకు ఆనించి నొక్కింది. అది నిదానంగా లోపలికి దిగింది. వదిలితే నిదానంగా పైకి వచ్చింది. మళ్ళీ నొక్కింది.

"ఇది పడితే నిద్దరపోతానేమో రా నెల్లూరుదాకా" అన్నది నాతో.

జబ్బుచేసినాక ఆమె ఏదైనా కావాలన్నట్టు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆదివారం ఉదయం ప్రకాశం వచ్చాడు. వ్యాను కమాన్లు దిగాయి. కొత్తవి ఎక్కాయి. అన్నీ దేనికది అమరిపోతుంటే పెదనాయన మొహం చిన్నబోతూ వచ్చింది. మధ్యాహ్నానికి బండిని జాకీల మీదనుంచి దించారు. తోక దిగి, కారు ఎన్నో ఏళ్ళ తర్వాత నేలకు సమంగా నిలబడింది. వసారాలో కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ చూసి, "మా నాయన బండి మాదిరి ఉంది" అన్నది.

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

పెదనాయన వెనక చక్రం దగ్గరకు పోయి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్ళు దూర్చి చూశాడు. ఇంతకుముందు అక్కడ నాలుగు వేళ్ళు నిలువుగా పట్టేవి. "బండి కూర్చుండిపోయింది గదరా. మేత ఎట్టా తోలేది" అన్నాడు. తీసి పక్కన పడేసిన వ్యాను కమాన్లలోనుంచి దిట్టమైన పట్టీ రెండువైపులకూ ఒక్కొక్కటి ఏరి, "ఇవి కింద వేయి. ఊరికే, సపోర్టుకి" అన్నాడు. ప్రకాశం అట్నే సార్ అన్నాడు. కారు మళ్ళీ జాకీలెక్కింది. మళ్ళీ దిగింది. తోక లేచింది.

"ఇంక భారం" అన్నాడు పెదనాయన. "ఏమే, వచ్చి కూర్చో."

నేనూ ప్రకాశమూ చెరొకవైపు పట్టుకుని ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టాం. ఆయన కన్ను సగం మూశాడు. "బస్తాన్నర. ఇది చాలదు" అన్నాడు. వసారాలో ఉన్న మేతబస్తాలు రెండు మోయించి ఆమె పక్కన సీటు మీద వేయించాడు. ఇంకొన్ని డిక్కీలో వేయించాడు. రొయ్యల మేత వాసన తెలియనివాళ్ళకు అది వర్ణించి లాభం లేదు, తెలిసినవాళ్ళకు అక్కర్లేదు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రకాశం రెంచీ పట్టుకుని బండి కిందకు దూరబోతూ ఆగాడు. "సార్, అమ్మ బరువుకే బిగిద్దాం సార్. ఈ సామాన్లు అమ్మ కోసం తెచ్చినవి గదా" అన్నాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో ఎదురుచెప్పింది అదొక్కసారే. అది కూడా రెంచీ వంక చూస్తూ చెప్పాడు.

పెదనాయన ఆయనకు జవాబివ్వలేదు. కారు కిటికీలోంచి వంగి, జవాబు పెద్దమ్మకు చెప్పాడు.

"నీ బరువుకి బిగిస్తే, రేపు నువ్వు లేనప్పుడు మళ్ళా విప్పాల. రెండుపన్లు."

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. మబ్బు పట్టింది, బట్టలు తీసేయి అన్నట్టు అన్నాడు. ఆయన అన్న మాటల్లోకెల్లా నాకు బాగా గుర్తున్నది అందుకే. మిగతావి నవ్వడానికి అన్నవి. ఇది పనిమీద అన్నది.

పెద్దమ్మ తన పక్కన ఉన్న బస్తా మీద చెయ్యేసి, ఎదురుగా ముందుసీటు వీపు వంక చూస్తూ, "బిగించు ప్రకాశం. ఎండెక్కతా ఉంది" అన్నది.

"అట్నే అమ్మా" అని ప్రకాశం కిందకు దూరాడు.

బిగింపు అయ్యాక ఊళ్ళో ఒక చుట్టు తిప్పి చూస్తే, ఆ బస్తాలు పక్కన ఉన్నంతసేపు కారు మెత్తగానే ఉంది. అవి దించేశాక, ఆమె ఒక్కతే కూర్చున్నప్పుడు, కొత్త సామాన్లూ పాత గతుకులూ కలిసి మొదట్లాగే ఎగరేశాయి. రెండో ప్రయాణానికి ఆమె ఒక ఉపాయం అడిగింది. "ఆ బస్తాలు రెండూ పక్కనే ఉండనీరాదా. వాసన నేను ఓర్చుకుంటా" అన్నది. పెదనాయన ఆశ్చర్యపోయాడు. "మేత నెల్లూరుకి తోలకపోయి ఏం చెయ్యాల? డాక్టరుకి పెడదామా" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. తువ్వాలు కొస మడుచుకుంది. మందులు మాత్రం ఒక్కపూట తప్పకుండా మింగుతూ వచ్చింది. పళ్ళు కరుచుకుని అంటారు చూడండి, ఆమె విషయంలో అది వట్టి మాట కాదు.

అట్లా కొన్ని నెలలు గడిచాక, ఒక శనివారం మధ్యాహ్నం, చెరువు కట్ట మీద నిలబడి పనివాళ్ళను తిడుతున్న పెదనాయన, వాక్యం మధ్యలో ఆపి కూర్చున్నాడు. ఆయన తిట్టు మధ్యలో ఆపడం ఎవరూ ఎరగరు గనక వెంటనే నన్ను పిలిచారు. ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. అంబులెన్సు ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. ఎదురింటి మెత్తటి కారు కావలి పోయి ఉంది. ఇంటిముందు ఉన్నది అంబాసిడర్ ఒక్కటే.

ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. పెద్దమ్మ బెల్టు బిగించుకుని వచ్చి ముందుసీట్లో కూర్చుంది. ఆ కారులో ఆమె ముందు కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

నేను తొందరగానే నడిపాను. ఊరు దాటగానే రోడ్డు తన పని తాను మొదలుపెట్టింది. ఒక్కొక్క గతుకుకీ వెనకనుంచి మూలుగు. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర ఆయన ఒళ్ళు సీటు మీదనుంచి లేచి పడింది.

"మెల్లిగా పోనీరా" అన్నాడు. కొంతదూరం పోయాక, "ఏందిరా ఈ కుదుపు. ఏందిది" అన్నాడు. ఆ గొంతు నేను ఎరిగినది కాదు. నిజంగా తెలియక అడుగుతున్న మనిషి గొంతు.

పెద్దమ్మ వెనక్కు తిరగలేదు. బెల్టు వల్ల ఆమె మెడ కూడా అంత తేలిగ్గా తిరగదు. రోడ్డు వంక చూస్తూ అన్నది.

"పక్కన బస్తాలు ల్యా గదా. అందుకని."

నేను బండిని హైవే ఎక్కించాను. ఒకసారి అద్దంలో చూశాను. ఆయన ఎడమకన్ను సగం మూసుకుని ఉంది. నొప్పికి మూశాడో, ముందుసీట్లో మనిషిని తూస్తున్నాడో నేను చెప్పలేను.

నెల్లూరులో డాక్టర్లు చేయగలిగింది చేశారు. సాయంత్రానికి అయిపోయింది.

పాడె మోసిన నలుగురూ ఏదో ఒకరోజు ఆ కారులో భారంగా కూర్చున్నవాళ్ళే. శ్మశానం దారిలో ముందువైపు మోస్తున్నాయన, "మూడు బస్తాలుంటాడు" అన్నాడు మెల్లిగా. వెనకాయన, "రెండుముప్పావే అన్నా. తడిబట్టలు గదా, ఎక్కువనిపిస్తది" అన్నాడు. దించేదాకా వాళ్ళకు ఏకాభిప్రాయం కుదరలేదు. అంత శ్రద్ధగా ఆయన గురించి ఇంకెవరూ ఆ రోజు మాట్లాడలేదు.

చిన్నకర్మ అయిన మరునాడు పొద్దున ప్రకాశం మోపెడ్ ఇంటిముందు ఆగింది. పరామర్శకు వచ్చాడనుకున్నాం. సంచీలోంచి జాకీ తీశాడు. పెద్దమ్మ పిలిపించిందట.

ఇల్లంతా చుట్టాలు. మా మేనత్త, అంటే పెదనాయన చెల్లెలు, వసారాలోకి వచ్చి చూసి బుగ్గమీద వేలేసుకుంది. "అన్న పోయి పట్టుమని పదిరోజులు కాలా. అప్పుడే బండి కింద మనిషిని దూర్చినావా వదినా" అన్నది.

"మందులు అయిపోతా ఉండాయి. డాక్టరు పెద్దకర్మదాకా ఆగుతాడా" అన్నది పెద్దమ్మ.

ప్రకాశం ఆ వ్యాను పట్టీలు రెండూ విప్పి గోడవారగా పడేశాడు. బండిని దించాడు. తోక దిగింది. పెద్దమ్మ తనంతట తానే నడిచిపోయి, తలుపు తీసుకుని, వెనక సీట్లో కూర్చుంది. ఆ మందులు పనిచేస్తున్న సంగతి మాలో చాలామంది అప్పుడే గమనించాం. గమనించాల్సిన ఆయనకు ఆ అవకాశం లేకపోయింది.

"బస్తాలు వెయ్యాలా అమ్మా" అన్నాడు ప్రకాశం, అలవాటుకొద్దీ.

"ఎందుకు."

"ఎవురి బరువుకి బిగించమంటారు."

"కూర్చుని ఉండేది ఎవురు" అన్నది పెద్దమ్మ.

"అట్నే అమ్మా."

అట్లా బిగిస్తే నిజంగా అంత తేడా ఉంటుందా, లేక ఆ రెండు పట్టీలు పోవడం వల్లేనా అని తర్వాత నేను ప్రకాశాన్ని చాటుగా అడిగాను. ఆయన రెండింటికీ అట్నే సార్ అన్నాడు.

పెద్దకర్మకు ముందురోజు ఆమెను నెల్లూరు తీసుకుపోయాను. ఊరు దాటాక, మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర, అలవాటుగా నా భుజాలు బిగుసుకున్నాయి. కారు ఎక్కి దిగింది. వెనకనుంచి ఏమీ వినపడలేదు. అద్దంలో చూస్తే పెద్దమ్మ తల ఒకపక్కకు వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. తువ్వాలు ఒళ్ళోంచి జారి కింద పడి ఉంది. నేను హైవే మీద లారీవాళ్ళ తిట్లు తింటూ ఎడ్లబండిలాగా నడిపాను.

డాక్టరు చూసి బాగుందన్నాడు. ఆమెను కారులో కూర్చోబెట్టి మందులు కొనడానికి పోయినప్పుడే ఆ మాట్లాడే మిషన్ నా సంగతి బయటపెట్టింది. ఆ మందుల షాపు పక్కనే ఫొటోల షాపు. పెద్దకర్మకు పెదనాయన ఫొటో పెద్దది చేయించి పటం కట్టమని ఇచ్చి ఉన్నాం.

షాపాయన అట్టపెట్టెలోంచి పటం తీసి చూపించాడు. "మీరిచ్చిన దాంట్లో ఒక కన్ను సగం మూసుకోనుంది సార్. మేమే కంప్యూటర్లో సరిచేసినాం" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

నిజమే. పెదనాయన రెండు కళ్ళూ సమంగా తెరిచి, ఎవరినీ తూచకుండా, పెద్దమనిషిలాగా చూస్తున్నాడు. ఎవరో చాలా మంచాయన పోయినట్టు నాకు బాధ కలిగింది.

పటం పెద్దది. అద్దం పగలకుండా ఇంటికి చేర్చాలి. కారు దగ్గరకు వచ్చి వెనక తలుపు తీసి, పెద్దమ్మ పక్కన ఖాళీగా ఉన్న సీటు మీద ఆనించబోయాను. ఆమె పటం వంక చూసింది. కింద ఫ్రేము దగ్గర మొదలుపెట్టి, చొక్కా గుండీల మీదుగా మెడదాకా చూసింది. అక్కడ ఆపేసింది.

"డిక్కీలో పెట్టురా" అన్నది. "ఈడ నా ఒక్కదాని బరువుకే బిగించింది."